మనవలు మన ఇంటికే వచ్చేస్తే: రెండు గదుల ఇంట్లో పడకలు ఎలా సర్దుకోవాలి

"పిల్లల్ని తెచ్చేసుకున్నామమ్మా, ఇక మా దగ్గరే ఉంటారు. ఉన్నవి రెండు గదులు. ఎక్కడ పడుకోబెట్టాలో తోచట్లేదు." ఈ మాట నాతో అనేవాళ్లు ఎక్కువైపోయారు. ఒకరి కొడుకూ కోడలూ గల్ఫ్ వెళ్లారు, ఒకరి కూతురు విడాకులు తీసుకుని ఉద్యోగానికి వేరే ఊరెళ్లింది, ఒకరికి మాలాగే కన్నబిడ్డ పోయింది. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే పోతుందనిపించింది.

మాది ఖమ్మంలో రెండు గదుల డాబా. వంటిల్లు, ముందు చిన్న వసారా. నాలుగేళ్ల కిందట మనవరాలు, మనవడు వచ్చారు. అప్పటికి దానికి తొమ్మిది, వాడికి నాలుగు. మొదటి మూడు నెలలు నేను చేసినవన్నీ తప్పులే. కింద చెప్పేవాటిలో సగం అలా తెలుసుకున్నవే.

వేరే గది లేదని ముందే బెంగపడకండి. గార్డియన్‌షిప్ కోసం కోర్టుకు వెళ్లినవాళ్లు చాలామంది "గది లేకపోతే పిల్లల్ని ఇవ్వరేమో" అని భయపడతారు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం గానీ, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం (ఇక్కడ మైనారిటీ అంటే పద్దెనిమిదేళ్లు నిండకపోవడం) గానీ చూడమనేది బిడ్డ క్షేమాన్ని, గదుల లెక్కను కాదు. అయితే ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తే "పిల్లలు ఎక్కడ పడుకుంటారు?" అని అడగవచ్చు. "ఎక్కడో ఒకచోట" అనకుండా వేలు పెట్టి చూపించగలగాలి. పిల్లకు కావలసిందీ అదే. పొద్దున్నే పక్క ఎత్తేసినా పర్వాలేదు, చోటు మాత్రం మారకూడదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొలిచే టేపు, సుద్దముక్క
- మనిషికో బొంత లేదా పరుపు, దుప్పటి, దిండు (ఏడాది లోపు బిడ్డకు దిండు వద్దు)
- సింగిల్ సైజు దోమతెరలు
- రబ్బరు షీటు రెండు మీటర్లు, మెత్తబడిన పాత నూలు చీరలు నాలుగైదు
- జీరో బల్బు, టార్చిలైటు
- మూత గట్టిగా పడే స్టీలు డబ్బా, దానికో చిన్న తాళం
- తెర కట్టడానికి తీగ, రెండు మేకులు, మందపాటి పాత దుప్పటి
- పిల్లకొకటి చొప్పున ట్రంకుపెట్టె లేదా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా

కొత్త మంచం ఈ జాబితాలో లేదు, చూశారు కదా. నెల రోజులు ఆగి కొనండి. ఎవరు ఎవరి పక్కన పడుకుంటారో తేలకముందే మంచం కొంటే అది బట్టలు పడేసే బల్ల అవుతుంది. మా ఇంట్లో అయింది.

1. సుద్దతో గీయండి

పెద్దపిల్లలకు, పెద్దవాళ్లకు మనిషికి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లెక్క వేసుకోండి. పది బై పన్నెండు గదిలో బీరువా, దివాన్ పోను మిగిలిన నేల మీద సుద్దముక్కతో ఆ పక్కలు గీయండి. గీశాక తలుపు పూర్తిగా తెరిచి చూడండి. బీరువా తలుపు కూడా తెరవండి. పక్కకూ పక్కకూ మధ్య, బాత్‌రూమ్ వైపు వెళ్లే దారిలో కనీసం రెండడుగులు ఖాళీ ఉండాలి. షుగరు ఉన్న పెద్దవాళ్లు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. మా ఆయన ఒక రాత్రి మనవడి చేతి మీద కాలు వేశారు. వాడి ఏడుపు కంటే ఈయన బాధ చూడలేకపోయాను.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పెద్దవాళ్ల మంచం కదలనివ్వకుండా మిగిలిన మూలల్లో పిల్లల్ని ఇరికించడం. ముప్పై ఏళ్లుగా ఆ మంచం అక్కడే ఉంది కాబట్టి అక్కడే ఉండాలని ఏం లేదు. ముందు దాన్ని జరపండి.

2. వయసును బట్టి ఎవరు ఎక్కడో తేల్చండి

ఏడాది లోపు బిడ్డ: మీ గదిలోనే, మీ మంచం పక్కనే, విడిగా ఒక పక్క. గట్టిగా ఉండే పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండ్లు, మెత్తని బొమ్మలు, మొహం మీదికి జారే దుప్పట్లు ఏవీ ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టడం మన ఇళ్లలో మామూలే, నేనూ నా పిల్లలకు పెట్టాను. ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు, మానేయండి. చీర ఉయ్యాలలో జోకొట్టి నిద్రపోయాక కిందికి దింపండి. రాత్రంతా అందులో వదిలేయకండి. బోర్లా పడటం మొదలుపెట్టాక అసలు వద్దు. మీకు నిద్రమాత్రలు అలవాటుంటే పసిబిడ్డను మీ పక్కలో వేసుకోకండి.

ఒకటి నుంచి ఐదేళ్ల వరకు: చేయి చాపితే తగిలేంత దూరంలో. మంచం మీదైతే గోడవైపు పడుకోబెట్టి, మంచానికీ గోడకూ సందు లేకుండా నెట్టండి. పిల్లలు కిందపడటం కంటే ఆ సందులో ఇరుక్కోవడం ప్రమాదం.

ఆరు నుంచి తొమ్మిది: విడిగా పక్క, అదే గదిలో. తోడబుట్టినవాళ్లు కలిసి పడుకుంటామంటే కలిపే వేయండి, మొదట్లో ముఖ్యంగా. ఇల్లూ బడీ రెండూ మారిన పిల్లలకు మారనిది ఒకరికొకరే. నేను "ఆడపిల్ల పెద్దదవుతోంది, అలవాటు చెయ్యాలి" అని మొదటి వారమే విడదీశాను. వాడు అర్ధరాత్రి లేచి చీకట్లో అక్క దగ్గరికి పాక్కుంటూ వెళ్లేవాడు. పది రోజులకు బుద్ధి తెచ్చుకుని ఇద్దరి పక్కలూ కలిపేశాను. ఏడాది తర్వాత మనవరాలే వచ్చి చెప్పింది, "అమ్మమ్మా, వీడు తంతున్నాడు, నాకు వేరేగా వెయ్యి" అని.

పదేళ్లు దాటాక: మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేర్వేరు పక్కలు, మధ్యలో తెర. వేరే గది లేకపోతే గోడకు గోడకు తీగ లాగి మందపాటి దుప్పటి వేలాడదీయండి. పల్చటి చీర వద్దు, లైటు వేస్తే నీడ కనబడుతుంది. ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి లోపల గడియ పడే చోటు ఒకటి ఉండి తీరాలి, బాత్‌రూమ్ అయినా సరే. ఆ గడియ సరిగ్గా పడుతుందో లేదో మీరే లోపలికెళ్లి వేసి చూడండి.

ఇంకొక మాట, కాస్త కటువుగానే చెప్తాను. చుట్టపుచూపుగా వచ్చిన బాబాయి, మామయ్య, ఊరివాళ్లు, ఎవరైనా సరే, వాళ్ల పక్కలో పిల్లల్ని పడుకోబెట్టకండి. "మనవాళ్లే కదా" అనకండి. ఫలానావాళ్లు ఉంటే నేనక్కడ పడుకోనని పిల్ల అంటే కారణం చెప్పమని నిలదీయకుండా వెంటనే చోటు మార్చండి, తర్వాత నెమ్మదిగా అడగండి. అనుమానం ఉంటే 1098కి ఫోన్ చేయవచ్చు. అది పిల్లల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

3. నేల మీదా, మంచం మీదా

నేల మీద పక్క చవక, పిల్లలు పడిపోతారన్న భయం లేదు. పట్టణంలో పై అంతస్తు అయితే హాయిగా నేల మీదే వేయండి. కింద చాప, దాని మీద బొంత. ఒట్టి గచ్చు మీద పరుపు వేసి అలాగే వదిలేస్తే వానాకాలంలో అడుగున బూజు పడుతుంది. రోజూ ఎత్తి గోడకు ఆనించండి, వారానికోసారి ఎండలో వేయండి.

పల్లెల్లో, పొలాల పక్కన, పెంకుటిళ్లలో మాత్రం మంచమే మంచిది. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది, అది కాటేసేది ఎక్కువగా నేల మీద నిద్రపోయేవాళ్లనే. కాటు నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున పిల్ల కడుపునొప్పి అంటూ లేచి, కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తుంటే అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగిస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏవీ వద్దు. మంచం లేక నేల మీదే తప్పదంటే దోమతెర అంచులు చాప కిందికి నాలుగువైపులా దోపండి. దోమకే కాదు, పాముకూ అదే అడ్డు.

నవారు మంచం, మడత మంచం రెండూ పనికొస్తాయి. మడత మంచం కీళ్ల దగ్గర వేళ్లు నలుగుతాయి, వేయడం తీయడం పెద్దవాళ్లే చేయాలి. నులక మంచం వదులైతే బిగించాకే పిల్లలకివ్వండి.

చోటు కలిసొస్తుందని రెండంతస్తుల మంచం కొనాలనుకుంటారు. మన ఇళ్లలో దీనికి పెద్ద అడ్డంకి సీలింగ్ ఫ్యాను. పై మంచం మీద పిల్లాడు నిలబడి చేయెత్తితే రెక్కలు తగులుతాయేమో కొలవండి. తగిలేలా ఉంటే ఆ ఆలోచన వదిలేయండి, లేదా ఫ్యాన్ తీయించి గోడ ఫ్యాను పెట్టించండి. ఆరేళ్లలోపు పిల్లల్ని పైన పడుకోబెట్టకూడదు. పై మంచానికి నాలుగువైపులా కమ్మీ ఉండాలి, పరుపు వేశాక కూడా అది కనీసం ఐదు అంగుళాలు పైకి కనబడాలి. పరుపు మందంగా ఉంటే కమ్మీ ఉన్నా లేనట్టే.

4. పడుకుని పైకి చూడండి

ఉత్తరం వైపు తల పెట్టకూడదని మా అత్తగారు అనేవారు, నేనూ పెట్టను. దిక్కు చూశాక, తల మీద ఏముందో కూడా చూడండి. సుద్దతో గీసిన గడిలో మీరే వెల్లకిలా పడుకోండి. అటక మీద అంచున ఇత్తడి బిందె కనబడిందా? దించేయండి. బీరువా నెత్తిన సూట్‌కేసులున్నాయా? తీసేయండి. బీరువా తలుపు పట్టుకుని పిల్లలు ఎక్కుతారు, దాన్ని గోడకు బిగించండి. చేతికందే ఎత్తులో ప్లగ్గులుంటే మూయించండి. ఇనుప కూలరు ఉన్న ఇంట్లో పక్క దానికి చేయి తగలనంత దూరంలో వేయండి, ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. వంటింట్లో పడుకోబెట్టక తప్పకపోతే గ్యాసు సిలిండరు దగ్గర రెగ్యులేటరు ఆపి, కిటికీ తీసి పెట్టండి. నన్నడిగితే వసారాయే నయమంటాను.

ఫొటో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా అమ్మాయి ఫొటోకు దండ వేసి, ఎర్ర బల్బు పెట్టి, పిల్లలు పడుకునే గదిలోనే ఎదురు గోడకు తగిలించాం. అమ్మ కళ్ల ముందుంటుంది కదా అనుకున్నాను. వాడు ఆ బల్బు వైపే చూస్తూ పదకొండింటి దాకా నిద్రపోయేవాడు కాదు. అడిగితే "అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి" అన్నాడు. మర్నాడు ఫొటో ముందు గదిలోకి మార్చి, దండా బల్బూ లేని చిన్న ఫొటో వాడి పెట్టెలో పెట్టాను. మీరు ముందే పిల్లల్ని అడగండి. కొందరికి కావాలి, కొందరికి వద్దు.

5. మీ మాత్రలు మీ దిండు కింద నుంచి తీయండి

తాతల ఇళ్లలో పిల్లలకు ఉండే పెద్ద ప్రమాదం ఇదే. బీపీ, షుగరు, నిద్రమాత్రల స్ట్రిప్పులు దిండు కింద, కిటికీ గూట్లో, మంచం పక్క స్టూలు మీద ఉంటాయి. చిన్నపిల్లాడు షుగరు మాత్ర ఒక్కటి మింగినా రక్తంలో చక్కెర ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోవచ్చు. అన్నీ స్టీలు డబ్బాలో వేసి, తాళం పెట్టి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. రాత్రి మాత్ర వేసుకునేటప్పుడు ఒకటి కిందపడితే దొరికేదాకా వెతకండి. మాత్రను "చాక్లెట్" అని చెప్పి పిల్లలకు తాగించే అలవాటుంటే అదీ మానండి. మింగాడని అనుమానమొస్తే, బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా ఆ స్ట్రిప్పు చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి.

దోమల చక్రం వెలిగించి తలుపులన్నీ మూసి పిల్లల్ని పడుకోబెట్టొద్దు. తెర కట్టండి. చిరుగులుంటే సూదీ దారం చాలు.

6. పక్క తడిపితే

తడుపుతారు. ఎప్పుడో మానేసిన ఏడేళ్లవాళ్లు కూడా ఇల్లు మారాక మళ్లీ మొదలుపెడతారు. దీనికి పక్కే సిద్ధంగా ఉండాలి. కింద చాప, దాని మీద రబ్బరు షీటు, ఆ పైన రెండు మడతలు వేసిన పాత చీర, ఆపైన దుప్పటి. దూది పరుపు ఇప్పుడే వద్దు, ఒకసారి తడిస్తే రెండెండలు కావాలి. దిండు పక్కన పొడి చెడ్డీ, ఇంకో చీర మడత పెట్టి ఉంచండి. రాత్రి లేచినప్పుడు పెద్ద లైటు వేయకుండా, మాట్లాడకుండా, తడిది లాగేసి పొడిది వేసి పడుకోబెట్టండి. రెండు నిమిషాల పని. పడుకునే ముందు గంటలో నీళ్లు తగ్గించి, ఒకసారి బాత్‌రూమ్‌కు తీసుకెళ్లండి. పొద్దున్న దుప్పటి వీధి వైపు దండెం మీద ఆరేయకండి. నేను ఆరేశాను. పక్కింటి పిల్లలు బడిలో చెప్పేశారు. ఆ తర్వాత మనవడు రాత్రి నిద్రపోకుండా కూర్చునే స్థితికి వచ్చాడు. పెరటి వైపు ఆరేయడం మొదలుపెట్టాక గానీ కుదుటపడలేదు.

తడపడంతో పాటు దాహం విపరీతంగా ఉంటే, చిక్కిపోతుంటే, మూత్రం మంటగా ఉందంటే బెంగ అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

7. వాళ్లదంటూ కొంచెం చోటు

పెట్టె ఎవరిది వాళ్లకే. అందులో ఏముందో మీరు వెతకొద్దు, సర్దొద్దు. పాత ఇంటి నుంచి వచ్చిన దుప్పటి, దిండుగలీబు చిరిగినా ఉండనివ్వండి. మా మనవరాలు వాళ్లమ్మ పసుపుపచ్చ నూలు చీర దిండుకు చుట్టుకుని పడుకునేది. నేను మురికిగా ఉందని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. అది చీరను ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కన పెట్టేసి, గోడ వైపు తిరిగింది. ఏమీ అనలేదు. వాసన పోయిందని నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. అలాంటి చీర మీ ఇంట్లో ఉంటే ఉతకడానికి ముందు ఒక్కమాట అడగండి.

8. మొదటి పదిహేను రాత్రులు

రోజూ ఒకే వేళకు పక్కలు వేయండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి పది నుంచి పదమూడు గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు నిద్ర కావాలి. బడికి ఆరున్నరకు లేవాలంటే తొమ్మిదికల్లా లైటు ఆరాలి. మన సీరియళ్లే దీనికి అడ్డం. పిల్లలు హాల్లో పడుకుంటుంటే టీవీ మన గదిలోకి మార్చండి, లేదంటే ఆ వేళకు ఆపండి. నేను వారం రోజులు గొణుక్కున్నాను, తర్వాత అలవాటైంది.

సరిగ్గా కుదిరిందా? ఇలా చూసుకోండి

రాత్రి రెండింటికి జీరో బల్బు వెలుగులో మీ మంచం నుంచి బాత్‌రూమ్‌కు నడవండి. ఎవరినీ తొక్కకుండా, దేనికీ తట్టుకోకుండా వెళ్లగలిగితే దారి సరిపోయినట్టు. కరెంటు పోయినప్పుడు టార్చి ఎక్కడుందో పిల్లకు తెలుసా? అడగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నేల మీద పక్క దగ్గర కూర్చుని, ఎవరి సాయం లేకుండా లేవగలరో లేదో చూసుకోండి. లేవలేకపోతే పిల్లల పక్క మంచం ఎత్తుకు రావాలి, లేదా అక్కడ పట్టుకోవడానికి బరువైన కుర్చీ ఉండాలి.

క్యాలెండరు మీద పదిహేను రోజులు గుర్తులు పెట్టండి: ఎన్నింటికి నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచారు, పక్క తడిసిందా. రెండో వారానికి గుర్తులు తగ్గుతుంటే బాగానే ఉన్నట్టు. నెల దాటినా రోజూ ఏడుస్తూ లేస్తుంటే పక్క మార్చి లాభం లేదు, పిల్లల డాక్టరును కలవండి.

అసలు పరీక్ష చుట్టాలు వచ్చిన రాత్రి. పిల్లల చోటు లాక్కుని వాళ్లను మూలకు నెట్టామా? మొదటి సంక్రాంతికి నేను అదే చేశాను. వాడు వాళ్లక్కను అడగడం వినబడింది, "మనం ఎప్పుడు వెళ్లిపోతాం?" అని. అప్పటినుంచి వచ్చినవాళ్లకే వసారాలో చాప.

ఖర్చు గురించి అడిగేవాళ్లకు: తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం (స్పాన్సర్‌షిప్) ఉంది. కుటుంబ ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి.

ఏడాదికోసారి, వేసవి సెలవుల్లో, సుద్దముక్క మళ్లీ తీయండి. పిల్లలు మనం గీసిన గడిలో ఆగరు. మా మనవరాలికి ఇప్పుడు పదమూడు, తెర చాలడం లేదు. ఈ వేసవిలో వసారాకు తలుపు పెట్టిస్తున్నాం. వడ్రంగి కొలతలు తీసుకుంటుంటే అది వెనకాలే నిలబడి, గడియ లోపలి వైపు రావాలని రెండుసార్లు చెప్పింది.